కరాచీ నుండి చెన్నపట్టణమునకు బళ్ళారి మీదుగా

రెండు పట్టణముల నడుమ గల దూరమును చెప్పుట సులభము. ప్రయాణకాలమును చెప్పుట అంత సులభము కాదు. మైళ్ళు ఎన్నడును మారవు. గడియలు మాత్రము యంత్రబలమును, రాజ్యముల ఏర్పాట్లను అనుసరించి పెరుగుచు తరుగుచుండును. కరాచీ-చెన్నపట్టణముల విమానమార్గ చరిత్ర ఇందులకు చక్కని నిదర్శనము.

1929 మార్చి 30వ తేదీన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థవారు లండను చెంతనున్న క్రాయ్‌డన్ నుండి కరాచీకి విమానసర్వీసును ప్రారంభించిరి. సుమారు 5,000 మైళ్ళ ఆ ప్రయాణమునకు ఏడు దినములు పట్టెడిది. నడుమ కొంత దూరము రైలులోనే సాగవలసి యుండెను! అయినను ఆ విమానమున వచ్చిన ఉత్తరములు దక్షిణదేశమునకు చేరవలెనన్న, కరాచీ నుండి మరల రైలుబండియే శరణ్యము.

ఆ లోటును తీర్చినవారు జె.ఆర్.డి. టాటాగారును, వారి సహచరుడు నెవిల్ విన్‌సెంటును. 1932 అక్టోబరు 15వ తేదీ ఉదయమున టాటాగారు పుస్ మాత్ అను ఒంటియింజను విమానమున టపాసంచులతో కరాచీలోని డ్రిగ్ రోడ్డు నుండి బయలుదేరి, అహమ్మదాబాదున దిగి, మధ్యాహ్నమునకు బొంబాయి జుహూ చేరిరి. అచ్చట విన్‌సెంటు టపాను గైకొని, బళ్ళారి మీదుగా మరునాడు చెన్నపట్టణమునకు చేర్చెను. మార్గము మొత్తము రమారమి 1,300 మైళ్ళు. గంటకు నూరు మైళ్ళ వేగమున నది పదుమూడు గంటల పయనమే. కాని పెట్రోలు పోసికొనుటకు నడుమ నడుమ దిగవలెను, చీకటిపడిన ఆగవలెను. విమానములో రేడియోయైనను లేదు. అందుచేత రెండు దినములు పట్టెను.

ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకములకును, రాఘవగారి అభినయమునకును పేరుగాంచిన బళ్ళారి, ఆ విధముగ ఆకాశమార్గమున ఒక మజిలీ అయ్యెను. కొన్నియేండ్లకు ఆ మార్గము హైదరాబాదు మీదుగా మరలినది. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. అనంతపురమునకును బళ్ళారికిని నడుమ ఒక్క మైలైనను పెరుగలేదు. కాని నడుమ ఒక సరిహద్దు వెలసినది.

కరాచీ సంగతియు నట్టిదే. 1947లో దేశము విభజింపబడినది. నేటి జెట్ విమానము వేగమున ఆనాటి దానికి అయిదింతలు. కరాచీ, చెన్నపట్టణముల నడుమ సూటిగా నున్న దాదాపు 1,200 మైళ్ళను మూడు గంటలలోపుననే దాటగలదు. అయినను ఆ రెంటి నడుమ నేరుగా పోవు విమానము నేడు లేదు. పోదలచినవాడు అన్యదేశముల మీదుగా చుట్టి పోవలసినదే.

రాష్ట్రపు సరిహద్దుల కావల తరతరములుగా కాపురమున్న మనకు ఈ కథలోని నీతి క్రొత్తది కాదు. మజిలీ తప్పిన ఊరు దూరమగును. రాకపోకలున్న ఊరు దగ్గరగును. రెండు దినములు పట్టినను నాటి ఉత్తరము చేరెను. మూడు గంటల దారి యున్నను నేడు బాట లేదు. మన బిడ్డలకు తెలుగున ఉత్తరము వ్రాయుట వచ్చి, దానిని చదువువారు ఆవలి యింట నున్నంతకాలము, మనకును మన పుట్టినింటికిని దూరము హెచ్చినదని చెప్ప పనిలేదు.