కాపలా లేని సముద్రం

1914 సెప్టెంబర్ 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి, అరగంటలోపే సుమారు 130 గుళ్లు పేల్చింది. బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు భగ్గుమన్నాయి. అప్పటికే సెప్టెంబర్ 10 నుంచి అది బంగాళాఖాతంలో సరుకు ఓడలను పట్టి ముంచుతోంది. ఆ రాత్రి రేవులో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఒడ్డున ఫిరంగులూ ఉన్నాయి. లేనిదల్లా, తీరం వెంబడి తిరుగుతూ ముందుగా కబురందించే గస్తీ ఓడ. ఒడ్డున ఎన్ని ఫిరంగులున్నా, నీటి మీద కన్ను లేకపోతే తీరానికి రక్షణ లేదని ఈ దాడి రుజువు చేసింది.

జరిగిన నష్టం స్వల్పమే కదా అనవచ్చు. నిజమే, కానీ వేలమంది ఊరు విడిచి పోయారు. ఇక మన సూళ్లూరుపేటకైతే సముద్రానికి పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి అడ్డున్నాయి కదా అని మరో వాదన. ఆ అడ్డు అలలకే. శ్రీహరికోట వంటచెరకు బకింగ్‌హామ్ కాలువలో పడవలెక్కి మద్రాసుకే చేరేది; అక్కడి బజారు మూతపడితే ఇక్కడి పొయ్యికీ దెబ్బే.

ఇప్పుడు కాపాడుకోవాల్సింది ఇంకా ఎక్కువ: 1971 నుంచి ఆ దీవి మీది నుంచే రాకెట్లు ఎగురుతున్నాయి. 1978లో చట్టబద్ధంగా ఏర్పడిన కోస్ట్ గార్డ్ నేడు ఈ సముద్రాన్ని కాస్తోంది. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో గస్తీ ఖర్చు దండగనిపిస్తుంది. ఆ ఖర్చును తగ్గించుకోకూడదన్నదే 1914 నేర్పిన పాఠం.