తొమ్మిది రాత్రుల మందు

మా అత్తయ్యకి షుగరు. పోయిన చలికాలంలో కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు లేచి, మూడు నెలలైనా మానలేదు. మాత్రలు మార్చారు, ఇంజెక్షన్లు మార్చారు. చివరికి డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు: "క్రిములు పుండులో ఊరికే తిరగడం లేదమ్మా. జిగురుతో ఇల్లు కట్టుకుని కూర్చున్నాయి. మందు గుమ్మం దాటి లోపలికి పోవడం లేదు."

బి.ఏ. చరిత్రతో సరిపెట్టుకున్నదాన్ని, సైన్సంటే నాకు మొదటినుంచీ భయం. కాని ఆ 'ఇల్లు' అన్న మాట నన్ను వదల్లేదు. దాన్ని బయోఫిల్మ్ అంటారట. మనకేం కొత్త కాదు, పొద్దున్నే పళ్ళమీద ఉండే పాచి అదే. 1680లలో హాలెండులోని డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్, తన పళ్ళ పాచి గీకి, తానే అరగదీసుకున్న అద్దం కింద చూశాడు. సూక్ష్మజీవులు కిలకిలలాడుతున్నాయి! వాటిమీద వెనిగర్ పోస్తే పైపైనున్నవే చచ్చాయిట, లోపలివాటికి దెబ్బే తగల్లేదుట. మా డాక్టరుగారు చెప్పిన గుమ్మం సంగతి ఆయన అప్పుడే కనిపెట్టాడన్నమాట.

మందులకి లొంగని క్రిములది ఇంకో కథ. మెథిసిలిన్ అనే మందు 1959లో వాడకంలోకి వచ్చింది. దానికి లొంగని స్టాఫ్ క్రిమి దొరికిందని 1961లోనే ఇంగ్లండులో ప్రకటించారు. రెండేళ్ళు! మన పిల్లలకి యూనిఫారం కుట్టిస్తే అంతకన్న ఎక్కువకాలం వస్తుంది.

ఆ ఇంగ్లండులోనే ఒక పాత పుస్తకం ఉంది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో. పేరు బాల్డ్ లీచ్‌బుక్. 'లీచ్' అంటే జలగ అనుకుని జడుసుకున్నాను గాని, ఆ పాత భాషలో వైద్యుడని అర్థం. పదో శతాబ్దంలో రాసిన ప్రతి. బాల్డ్ అనేవాడు తనకోసం చిల్డ్ చేత రాయించుకున్నట్టు చివర ఒక లాటిన్ పద్యం ఉంది. లోపల ఆకులూ అలములతోబాటు దయ్యాలు సోకితే చెయ్యాల్సినవి కూడా ఉన్నాయి. అందుకేనేమో చదువుకున్నవాళ్ళు దాన్ని చాలాకాలం వింతగానే చూశారు.

అందులో కంటికురుపుకి ఒక మందు. వెల్లుల్లి, దానికి సమంగా ఉల్లి జాతిది ఇంకొకటి (అది ఉల్లిపాయో, లీక్ అనే మొక్కో నేటికీ తేలలేదు) కలిపి నూరాలి. ద్రాక్షసారా, ఎద్దు పిత్తం సమపాళ్ళలో పొయ్యాలి. ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచాలి. గుడ్డలో వడగట్టి, రాత్రి ఈకతో కంటికి రాయాలి.

నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాత ఇంగ్లీషు చెప్పే క్రిస్టినా లీ, క్రిముల శాస్త్రం తెలిసిన ఫ్రెయా హారిసన్ కలిసి దీన్ని తయారుచేశారు. ఉల్లిపాయతో ఒకటి, లీక్‌తో ఒకటి చేశారు. ఇత్తడి పాత్రని క్రిమిరహితం చెయ్యడం కష్టమని గాజుసీసాలో ఇత్తడి రేకు వేశారు. మిగిలినదంతా పుస్తకంలో ఉన్నట్టే. తొమ్మిది రాత్రులూ ఆగారు. 2015లో ఫలితం ప్రకటించారు: ప్రయోగశాలలో పుండులాంటి పదార్థంమీద జిగురు కట్టుకున్న స్టాఫ్ క్రిములు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అన్నీ కలిస్తేనే సుమండీ! విడివిడిగా ఏ ఒక్కటీ ఆ పని చెయ్యలేదు. 2020లో మళ్ళీ పరీక్షించారు. విడిగా తిరిగే క్రిములకి వెల్లుల్లిలోని అల్లిసిన్ చాలు. జిగురు ఇల్లు కూలాలంటే మాత్రం నాలుగు సరుకులూ ఉండాల్సిందే. మసాలాలో ఒక దినుసు తగ్గితే పులుసు ఎలా ఉంటుందో మనకి చెప్పాలా!

ఇది చదివి ఎవరూ వెల్లుల్లి నూరి కంట్లో పెట్టుకోకండి, కన్ను మండిపోతుంది. ఈ మందు ఇంకా పరీక్షల్లోనే ఉంది, మనుషుల జబ్బుకి ఇచ్చే దశ రాలేదు.

ఇదంతా మంచం పక్కన కూర్చుని అత్తయ్యకి చెప్పాను. ఆవిడ కాలు ఇప్పుడు కాస్త నయం. వారం వారం చచ్చిన కండ గీకి కట్టు కడుతుంటే మెల్లిగా పూడుతోంది. అంతా విని, "ఇత్తడి గిన్నెకి కళాయి ఉందా, లేదా?" అన్నారు.

"ఆ సంగతి పుస్తకంలో రాయలేదు అత్తయ్యా."

"మా నాన్న రాసేవారు" అన్నారావిడ.

నాకు తల వాలిపోయింది. కాపరానికొచ్చిన కొత్తలో అటక దులిపి, వాళ్ళ నాన్నగారి మందుల పుస్తకాన్ని పాతకాయితాలవాడికి తూకానికి వేసింది నేనే. చెదలు పట్టిన చెత్త అనుకున్నాను. ఆవేళ ఆవిడ ఒక్క మాట అనలేదు, ఈవేళ కూడా అనలేదు.

లేచివెళ్ళి మా అబ్బాయి లెక్కల నోట్‌బుక్కులో ఖాళీ కాయితం చూసి తెచ్చుకున్నాను. "చెప్పండి, రాస్తాను."

"పుండ్ల తైలానికి కానుగ నూనె. వేపాకు రసం. పసుపు కొమ్ము, అరగదీసింది, పొడి కాదు. తరవాత..." ఆవిడ కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. "ఇంకోటుండేదే. నాన్న ఎర్రసిరాతో రాశారు. గుర్తు రావడం లేదమ్మా."

నాలుగో వరస ఖాళీగా వదిలాను.