దర్పమునకుఁ దగిన దండనము: యవనగాథలును, పోతన భాగవతమును

యవనపురాణములలో దర్పమునకు విధింపఁబడిన దండనములు తఱచుగా దోషమునకుఁ బ్రతిబింబములై యుండును. తన్ను వలచినవారి నెల్లఁ ద్రోసిపుచ్చిన నార్సిసస్సు నీటిలోని తన నీడనే వలచి కృశించెను. సంతానసమృద్ధిని జెప్పుకొని లెటోదేవిని దక్కువ చేసిన నియోబి బిడ్డలఁ గోల్పోయి కన్నీరు కార్చు శిల యయ్యెను. మన పురాణములలోని శాపములు మునుల కోపమాత్రములనియు, ఇట్టి యౌచిత్యము వానిలోఁ గానరాదనియుఁ గొందఱందురు. ఈ మాట యెంతవఱకు నిజమో, నేఁడు జనగామ జిల్లాలోఁ జేరిన బమ్మెర గ్రామమునకుఁ గీర్తి దెచ్చిన పోతన భాగవతమునుబట్టి పరిశీలింతము. (ఒంటిమిట్టవాదము నిటఁ దడవను.)

దశమస్కంధమునందలి నలకూబర మణిగ్రీవులు కుబేరుని కొడుకులు. వారుణి త్రావి మందాకినిలో స్త్రీలతో విహరించుచుండ నారదుఁడు వచ్చెను. స్త్రీలు వెఱచి వలువలు గట్టికొనిరి; వీరు కట్టుకొనరైరి. తమ యొడలిపై వస్త్రము లేదను నెఱుకయే లేనివారు మ్రాఁకులు గాక మఱేమి? కృష్ణుఁడు ఱోలీడ్చుకొని వచ్చి కూల్చువఱకు, నూఱు దివ్యవర్షములు, మద్దిచెట్లై నిలిచిరి. శపించుటకు ముందు నారదుఁడు ధనమదమును గూర్చి దీర్ఘముగా విచారించుట గమనింపఁదగినది. సిరిచేఁ గన్ను గానని వానికి దారిద్ర్యమే కాటుక యని యాతని మతము. తీర్పరి కారణములు చెప్పి శిక్ష విధించినట్లున్నది కాని, కినిసి నోరు జాఱినట్లు లేదు. పైఁగా వారికిఁ బూర్వస్మృతిని విడిచిపెట్టెను. అది లేనిచోఁ జెట్టునకు శిక్ష యేమి? నియోబికిని స్మృతి మిగిలెను గాని, యది యేడ్చుటకే.

ఆ స్కంధముననే సుదర్శనుఁడను విద్యాధరుఁడు గలఁడు. రూపగర్వముతో విమానమెక్కి తిరుగుచు, వికృతరూపులైన యాంగిరసమునులను జూచి నవ్వెను. ఆకసమునఁ దిరుగువాఁడు కడుపుతో నేలఁ బ్రాఁకు పామయ్యెను. నార్సిసస్సు కథకు మన వాఙ్మయమున నింతకంటె దగ్గఱి పోలిక నే నెఱుఁగను. అయిన నొక భేదము గలదు. నార్సిసస్సు మృతలోకమునఁ గూడ స్టిక్సునదిలోఁ దన్నుఁ జూచికొనుచునే యుండెనని రోమకకవి ఓవిడ్డు వ్రాసెను. సుదర్శనుఁడో, అంబికావనమున నందుని బట్టి మ్రింగఁబోయి, కృష్ణుని పాదము సోఁకి నిజరూపము దాల్చి, తన శాపము మునుల యనుగ్రహమే యని చెప్పెను.

గజేంద్రుని పూర్వజన్మకథ మాత్రము నాకు సులభముగా లొంగలేదు. పాఠశాలలో గజేంద్రుని మొఱ వల్లింపించు మనము దీనిని దాఁటిపోవుదుము. ఇంద్రద్యుమ్నుఁడను ద్రవిడరాజు మౌనియై హరిని ధ్యానించుచు, వచ్చిన యగస్త్యునకు లేవకుండెను. అది మదమా, ధ్యానమా? మదమైనచో నేనుఁగు జన్మము తగినదే. ధ్యానమైనచో, మునికోపమను నాక్షేపమునకు నిచటఁ గొంత చోటు గలదని యొప్పుకొనవలయును. అయినను హరిస్మృతి యా జన్మమునఁ గూడఁ జెడలేదు. మొసలిపట్టునఁ జిక్కిననాఁడు కరిచే మొఱవెట్టించినది యదియే.