డెన్మార్కు యుద్ధకాలపు రొట్టె

1917లో డెన్మార్కు సుమారు 30 లక్షల జనాభాగల చిన్న దేశము. అది మొదటి ప్రపంచయుద్ధములో చేరలేదు. అయినను యుద్ధప్రభావము దాని వంటయింటివరకు వచ్చెను. ఆ దేశపు రైతులు విదేశములనుండి దాణా తెప్పించి, పందులను, పాడిపశువులను పెంచి, మాంసమును, వెన్నను ఎగుమతి చేసెడివారు. ఆ సంవత్సరము జర్మను జలాంతర్గాముల దాడులవలనను, మిత్రరాజ్యముల దిగ్బంధనమువలనను దిగుమతులు చాలవరకు ఆగిపోయెను. ఉన్న ధాన్యము మనుష్యులకా, పందులకా?

ప్రభుత్వమునకు ఆహారవిషయమున సలహాదారైన డాక్టరు మిక్కెల్ హిండ్‌హెడె సమాధానము స్పష్టముగా నుండెను. పంది తిన్న దాణాలోని శక్తిలో అధికభాగము దాని శరీరోష్ణమునకు, కదలికలకు వ్యయమగును. కొంతభాగమే మాంసముగా మారును. కావున బార్లీని పందికి పెట్టుటకంటె మనుష్యుడే తినుట లాభము. కాని మనిషికి దినమునకు 118 గ్రాముల మాంసకృత్తులు కావలెనని జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫోయిట్ చెప్పిన ప్రమాణము అప్పటికి చాలమందికి వేదవాక్కు. అంత అవసరము లేదని హిండ్‌హెడె యుద్ధమునకు ముందే ప్రయోగములు చేసి వాదించుచుండెను.

పందులలో సుమారు 5లో 4 వంతులను తగ్గించిరి. మన దంపుడు బియ్యమువలె తవుడు తీయని రై ధాన్యమునకు బార్లీని, గోధుమ తవుడును కలిపి రొట్టె చేసిరి. బంగాళాదుంపలు, పాలు, కూరగాయలు ప్రధానాహారమయ్యెను.

ఫలితమేమి? 1917 అక్టోబరునుండి ఒక సంవత్సరములో మరణములు వెయ్యికి 10.4. అంతకుముందు నమోదైన అతి తక్కువ రేటు 12.5. హిండ్‌హెడె ఈ అనుభవమును 1920లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ప్రకటించెను.

అయితే ఈ ఘనతనంతయు మాంసము తగ్గుటకే కట్టబెట్టరాదు. ధాన్యము, దుంపలు సారాబట్టీలకు పోకుండ ఆపి, సారాపై పన్ను విపరీతముగా పెంచుటవలన దాని ధర పదిరెట్లు మించి, త్రాగుడు తగ్గెను. తవుడు రొట్టెయు మేలు చేసియుండవచ్చును. ఏది యెంత మేలు చేసెనో విడదీసి చెప్పుటకు దేశము ప్రయోగశాల కాదు. మాంసము బాగుగా తగ్గించినను ప్రజలు నీరసించరనుటమాత్రము రుజువయ్యెను.

యుద్ధానంతరము పందులమందలు మరల పెరిగెను. నేటి దిగ్బంధనము వేరు. మానవులవలన వెలువడు హరితగృహ వాయువులలో 14.5 శాతము పశుపోషణవలననేయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసినది. 2023లో డెన్మార్కు ప్రభుత్వము శాకాహార పదార్థములకు ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించినది. నాడు గత్యంతరము లేక చేసిన పని నేడు ఆలోచించి చేయవలసినదిగా నున్నది.