యోహాను సువార్తలో 'వాక్యము'

ఉపదేశము వినబోవు తెలుగు క్రైస్తవులు 'వాక్యము వినుటకు పోవుచున్నాము' అందురు. విశాఖపట్టణ తీరమునను, జి.మాడుగుల మన్యమునను ఈ వాడుక యొక్కటే. ప్రమాణమైన మాటను 'ఆప్తవాక్యము' అనుట మన శాస్త్రములయందును గలదు. కావున ఈ యర్థము తెలుగునకు క్రొత్తది గాదు. కాని యోహాను సువార్త తొలి వచనమున ఇదే పదము ఉపదేశమును గాక యొక వ్యక్తిని చెప్పుచున్నది. ఈ భేదమును గుర్తింపనిచో ఆ గ్రంథ విశిష్టత మనకు బోధపడదు.

తెలుగున సువార్తల ముద్రణ చరిత్ర విశాఖపట్టణముతో ముడిపడియున్నది. 1805లో అచటికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీవారిలో అగస్టస్ డేగ్రాంజెస్, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయరు తోడ్పాటుతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను అనువదించెను. డేగ్రాంజెస్ 1810లో మరణించెను. ఆ మూడును 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. నాల్గవదియగు యోహాను సువార్త ఆ సంపుటమున లేదు. సంపూర్ణమైన క్రొత్త నిబంధన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువాదముగా 1818లో మద్రాసున వెలువడెను.

ఆ మూడింటికిని నాల్గవదానికిని గల అంతరము మిక్కిలి పెద్దది. మత్తయి వంశావళితోను, మార్కు బాప్తిస్మమిచ్చు యోహాను ప్రకటనతోను, లూకా జనన వృత్తాంతములతోను కథ నారంభింపగా, నాల్గవ సువార్త సృష్టికి పూర్వమునుండి యారంభించును. ఇందు ఉపమాన కథలకు మారుగా దీర్ఘ సంభాషణలు గలవు. అద్భుతములు 'సూచక క్రియలు'గా పేర్కొనబడినవి. కడపటి భోజనమున రొట్టె, ద్రాక్షారసముల విధికి బదులు శిష్యుల పాదములు కడుగుట వర్ణింపబడినది. ఈ గ్రంథము క్రీ.శ. మొదటి శతాబ్ది చివర వెలసెనని పలువురు పండితుల మతము.

మూలమునందలి గ్రీకుపదము 'లోగోస్'. మాట, హేతువు, లోకమును నడపు క్రమము అని దాని యర్థములు. హెబ్రీయుల గ్రంథములలో దేవుని మాటయే సృష్టి చేయును. తెలుగు 'వాక్యము' మాటను నిలుపుకొన్నది, హేతువును విడిచినది.

ఇచ్చట భర్తృహరి వాక్యపదీయమునందలి శబ్దబ్రహ్మము స్ఫురించుట సహజము. రెండును ఒకటే యనుట మాత్రము తొందరపాటు. శబ్దతత్త్వము జగద్రూపమున వివర్తము చెందునని భర్తృహరి మతము; వాక్యము ఒకానొక కాలమున, ఒకానొక దేశమున శరీరధారియైన నరుడయ్యెనని యోహాను మతము. మొదటిదానికి లోకమంతయు సాక్ష్యము. రెండవదానికి ఒక జీవితచరిత్ర సాక్ష్యము. తత్త్వముతో మొదలైన గ్రంథము కథగా సాగుటకు కారణ మిదియే.

కావున మన నిఘంటువులు 'వాక్యము' అను పదమునకు ఉపదేశార్థముతో పాటు ఈ వ్యక్త్యర్థమును వేరుగా చూపవలెనని మా యభిప్రాయము. మన్యమున వాక్యము వినబోవువారు వినునది ఉపదేశము. యోహాను చెప్పునది మనుష్యులు కన్నులార చూచిన వాక్యము.