చలి తక్కువ చోట ఏ బ్లూబెర్రీ నాటాలి?

బ్లూబెర్రీ మొక్క కొనేవాళ్లు అడిగేవి ఎక్కువగా రెండే: కాయ ఎంత లావు, ఎంత తీపి? శీతాకాలం పేరుకే వచ్చిపోయే ఊళ్లలో మాత్రం ఆ రెండింటికన్నా ముందు అడగాల్సింది ఆ రకం ఏ నేలలో పుట్టిందని. ఈ పొద అడవి నుంచి తోటకు వచ్చి వందేళ్లు దాటిందంతే. 1910లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ దీని పెంపకంపై తన ప్రయోగాలు ప్రచురించారు. అవి చదివిన ఎలిజబెత్ వైట్, న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో ఆయనతో చేయి కలిపారు. అడవిలో కాయలు ఏరే స్థానికుల చేతికి 5/8 అంగుళాల రంధ్రం ఉన్న కొలబద్ద ఇచ్చి, అందులో దూరనంత పెద్ద కాయ కాసే పొదను చూపించినవారికి డబ్బిచ్చారు. 1916లో తొలి పంట అమ్మకానికి వెళ్లింది. వాళ్లు వెతికింది కాయ సైజు కోసమే. కానీ ఆ పొదలు మంచు కురిసే నేలవి కావడంతో, పెద్ద కాయతోపాటు చలి అవసరమూ వారసత్వంగా వచ్చింది. ఆ ఉత్తరాది రకాలు వేళకు చిగురించాలంటే 7.2 డిగ్రీల సెల్సియస్‌కన్నా తక్కువ చలి సుమారు 800 గంటలో, అంతకన్నా ఎక్కువో కావాలి.

ఓపిగ్గా పెంచితే మొక్కే కొత్త ఊరికి అలవాటు పడుతుందని, మొక్క మొదలు దగ్గర ఐసు ముక్కలు వేస్తే చలి లోటు తీరుతుందని కొందరంటారు. దీనికి కోవిల్ 1920లోనే జవాబిచ్చారు. వెచ్చని గాజు గదిలో ఉంచిన మొక్క కొమ్మనొకదాన్ని రంధ్రం గుండా బయటి చలిలోకి పంపారు. వసంతం రాగానే బయటి కొమ్మ చిగురించింది. అదే మొక్కకు లోపలున్న కొమ్మలు నిద్ర లేవలేదు. అంటే చలి లెక్క వేరులో కాదు, ఏ కొమ్మకాకొమ్మలో నడుస్తుంది. వేళ్లను చల్లబరిస్తే మొగ్గకు ఒరిగేదేమీ లేదు. ఇక అలవాటు సంగతి: చలి అవసరం మొక్క పుట్టుకతో వచ్చే గుణం. దాన్ని మార్చాలంటే పుట్టుకనే మార్చాలి.

ఆ పని ఫ్లోరిడాలో జరిగింది. 1950 ప్రాంతంలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ షార్ప్, ఉత్తరాది బ్లూబెర్రీని వాక్సీనియం డారోయి అనే స్థానిక అడవి పొదతో సంకరపరచడం మొదలుపెట్టారు. అది పొట్టిగా పెరిగేది, ఆకు రాల్చనిది, చిరుకాయలు కాసేది. వైట్ కొలబద్ద ముందు నిలిచేదే కాదు. వెచ్చని ఇసుక నేలలో బతకడం మాత్రం దానికి తెలుసు. రెండింటి క్రోమోజోముల సంఖ్య వేరైనా సంకరం ఫలించి, 1970ల మధ్యకు షార్ప్‌బ్లూ వచ్చింది. తర్వాత పాల్ లైరీన్ ఆ కృషిని ముందుకు నడిపారు. మిస్టీ, ఎమరాల్డ్, జ్యువెల్ అక్కడి నుంచి వచ్చినవే.

అలాగైతే అన్నిటికన్నా తక్కువ చలి కోరే రకమే మేలనుకోవడమూ పొరపాటే. అది జనవరి వెచ్చదనానికే పూత పట్టి, ఫిబ్రవరి మంచుకు పూతంతా మాడ్చుకోవచ్చు. మిసిసిపీలో పుట్టి 1998లో విడుదలైన బిలాక్సీ త్వరగా పూస్తుంది. ఆ గుణం అక్కడ ప్రమాదం, మంచే లేని పెరూ తీరంలో వరం. ఆ దేశం ఎగుమతుల్లో చిలీని దాటడంలో ఈ రకానిది పెద్ద పాత్ర. పెరటి మొక్కకు వ్యాపార తోటల జాబితాను గీటురాయిగా పెట్టుకోనక్కర్లేదు. షార్ప్‌బ్లూను పెద్ద రైతులు వదిలేసింది కాయ మెత్తనై దూర ప్రయాణానికి ఆగదని. కోసి వెంటనే తినేవారికి ఆ లోపం లోపమే కాదు. దానికి తోడుగా మిస్టీని నాటితే పరపరాగ సంపర్కంతో కాపు పెరుగుతుంది. మిస్టీ మాత్రం మోయలేనంత పూస్తుంది, చలికాలంలోనే పూమొగ్గలు కొంత తగ్గించాలి.

న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడాకో హ్యూస్టన్‌కో మకాం మార్చే మన కుటుంబాలు పాత పెరట్లో విరగకాసిన బ్లూక్రాప్ అనే ఉత్తరాది రకాన్నే మళ్లీ కొనకూడదు. ఇక మన ఊళ్ల సంగతి చూస్తే, హైదరాబాద్‌లో 7.2 డిగ్రీల రాత్రులే అరుదు, విజయవాడలో వాటి ఊసే లేదు. లంబసింగిలో వణికించే రాత్రులున్నా వాటితో వందల గంటలు పోగుపడటం కష్టం. ఇక్కడ ప్రయత్నించేవారికి పెరూ దారే ఉంది: ఆకు రాల్చకుండానే కాసే షార్ప్‌బ్లూ, బిలాక్సీ వంటివి, అదీ ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 మధ్య ఉండే ఆమ్ల మట్టి నింపిన కుండీలో. లేబుల్ మీద రకం పేరు లేకుండా ఉత్త ‘బ్లూబెర్రీ’ అని రాసిన మొక్కను, ఎంత చౌకగా ఇచ్చినా, కొనకండి.