కావేరిపట్టణంలో ఒక క్రిస్మస్

డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవ కుటుంబాల్లో ఎంత సంతోషమో అంత బరువు కూడా. పిల్లల అర్ధ సంవత్సర పరీక్షలు ఒక పక్క, కొత్త బట్టల ఖర్చు, పిండివంటల ఖర్చు మరో పక్క. ఈ ఏడు పండుగ ఎలా గట్టెక్కుతుందోనని దిగులుపడేవారికి మన కావేరిపట్టణం చరిత్ర ఒక మాట చెబుతుంది.

1767వ సంవత్సరం. మొదటి మైసూరు యుద్ధం సాగుతోంది. దక్షిణ పినాకిని ఒడ్డున ఉన్న కావేరిపట్టణం హైదర్ అలీ చేతిలో ఉంది. ఆంబూరు ముట్టడిని విడిపించిన కర్నల్ స్మిత్ సైన్యం, డిసెంబరులో హైదర్‌ను తరుముతూ ఇక్కడికి వచ్చింది. వచ్చింది గాని తిండిగింజలకు కటకట. దొరలకూ సిపాయిలకూ ఒకటే ఆకలి. ఆ క్రిస్మస్ దినాల్లో వారి ఆశంతా సింగారపేట కనుమ దారిన రావలసిన ధాన్యం మీదే. నెలాఖరున హైదర్ స్వయంగా ఆ ధాన్యం మీద పడ్డాడు. కెప్టెన్ ఫిట్జెరాల్డ్ దళం ఎదురు నిలిచి దాన్ని కాపాడింది.

గింజలు చేరిన రోజే వారికి పండుగ. రెండు సైన్యాల మధ్య నలిగిన పల్లెల రైతుకు మాత్రం అదీ లేదు. సంధి 1769లో గాని కుదరలేదు.

కాబట్టి అప్పు చేసి ఇంటిముందు నక్షత్రం కట్టనక్కరలేదు. ఇంట్లో గింజలు, ఊళ్ళో శాంతి ఉంటే సగం పండుగ వచ్చినట్టే. పొయ్యి వెలగని పొరుగింటికి ఒక పడి బియ్యం పంపండి, మిగతా సగం వస్తుంది.